రేపు అను మాట



సేద్యమున అదనును మించినది లేదని మనకొకరు చెప్పనక్కరలేదు. అదనులో పడిన గింజ పొదలో పడినను పండుననియు, అదను తప్పిన గింజ మాగాణిలో పడినను ఫలింపదనియు మన పెద్దలు చెప్పుచుండిరి. మృగశిరకార్తె ప్రవేశించి తొలకరి చినుకు పడిన దినమున ఇంటిలో కూర్చుండు రైతు మన యూర నొక్కడైన కానరాడు. నీటివంతు అర్ధరాత్రమున వచ్చినను పార భుజమున వైచుకొని పోవును. పురుగు కనబడినచో అన్నము మాని చేనికి పరుగిడును.

ఆ రైతే సంఘమునుండి వచ్చిన కాగితమును చూరులో దోపి మూడు మాసములు దానివంక చూడడు. విత్తనముల మూట తెచ్చి మూల నుంచును గాని నూరు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూడడు. ఎరువుల రశీదు చొక్కాజేబులోనే యుండి చాకిరేవునకు పోవును. పిచికారీ యంత్రమును మందు అంటుకొనియుండగనే కొట్టములో పారవైచును. మరల కావలసిననాడు దాని నోరు పూడియుండును. జమాఖర్చు పుస్తకము ఉగాదినాడు పసుపు కుంకుమలతో ప్రారంభమై వైశాఖమునకే ముగియును.

ఈ రెండు విధముల నడచువాడును ఒక్కడే. వానకు జంకనివాడు కాగితమునకేల జంకుచున్నాడు? దీనిని గూర్చి నాకు తోచిన నాలుగుమాటలు ఈ సంచికయందు విన్నవింపదలచితిని.

పరుల తప్పు లెన్నుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట నేను 1,20,000 రూపాయల పంటఋణము తీసికొంటిని. మిరప అమ్మకము ముగిసినది. సొమ్ము ఖాతాలో చేరినది. గడువునకు ఇంకను ఇరువది దినములున్నవి. కార్యాలయము మా యింటికి మూడు కిలోమీటర్ల దూరము. పోయి కట్టివచ్చుటకు ఒక్కపూట చాలును. అయినను నేను పోలేదు. ఏలయన, కట్టుటతో పని తీరదు. ఋణమును మరల వ్రాయించుకొనవలెను. అందులకు పట్టాదారు పాసుపుస్తకము వెదకవలెను. ఆధారు నకళ్లు తీయింపవలెను. ఏ సర్వే నెంబరులో ఏ పైరు ఎన్ని సెంట్లు వేయుదునో వ్రాయవలెను. ఈ పని తలపునకు వచ్చినప్పుడెల్ల దొడ్డి కంచె సరిచేయుటయో, పాక కప్పు మరమ్మతు చేయుటయో మిక్కిలి తొందరపని యని తోచెడిది. ఒకనాడు ఉదయమే బయలుదేరియు, దారిలో కమ్మరి కొలిమియొద్ద ఆగి, గొఱ్ఱునకు కఱ్ఱులు చేయించుకొని, పెద్దపని చేసినట్లు ఇంటికి తిరిగివచ్చితిని. తుదకు గడువు దాటిన తొమ్మిదవనాడు పోయి సొమ్ము కట్టితిని.

ఫలమేమయ్యెనో వినుడు. 3 లక్షల రూపాయల లోపు పంటఋణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు. గడువులోపల చెల్లించినవారికి కేంద్రప్రభుత్వము నూటికి 3 రూపాయలు తగ్గించును. కావున నికరముగా 4 రూపాయలే పడును. నేను కట్టవలసిన యేడాది వడ్డీ 4,800 రూపాయలు కాగా, 8,400 రూపాయలు కట్టితిని. గడువు మీరిన దినముల వడ్డీ దీనికి వేరు. 3,600 రూపాయలను తొమ్మిది దినములకు పంచినచో దినమునకు 400 రూపాయలు. ఆ తొమ్మిది దినములలో ఒక్కనాడైనను నా చేతిపనివలన నాకు 400 రూపాయలు మిగిలియుండలేదు. గుమాస్తా నన్ను చూచి, “ఈ నెలలో మీరు ఆరవవారండీ” అనెను. ఆ మాట నన్ను ఓదార్చుటకే యనెను గాని, నాకు మఱింత దిగులు కలిగించెను. ఆరుగురి యిండ్లనుండి ఇట్లు పోయిన సొమ్ము పురుగు తినినదియు కాదు, వరద కొట్టుకొనిపోయినదియు కాదు.

దీనికి సోమరితనమని పేరు పెట్టుట సులభము. నేను ఒప్పుకొనజాలను. సోమరి ఏ పనియు చేయడు. మనమన్ననో ఒక్కపనిని తప్పించుకొనుటకు పదిపనులు చేయుదుము. కావున కారణము వేఱుగా వెదకవలెను.

నాకు కానవచ్చిన కారణములు మూడు. మొదటిది, పిలుచువారు లేకపోవుట. ఆకు వాడినచో పైరు పిలుచును. ఆకలియైనచో గేదె అరచును. మబ్బు పట్టినచో కళ్లములోని ధాన్యము పిలుచును. జమాఖర్చు పుస్తకము అరవదు. రెండవది, ఫలము కంటికి కానరాకుండుట. కలుపు తీసిన మడిని సాయంకాలము గట్టుమీద నిలిచి చూచినచో మనసునకు తృప్తి కలుగును. నేడు వ్రాసిన లెక్కయొక్క ఫలము ఏడాది చివర గాని తెలియదు. మూడవది, నా యెఱుకలో అన్నిటికంటె బలమైనది, ఒక పనినుండి వేఱొక పనికి దాటుట. ఉదయమునుండి గాలిలో ఎండలో తిరిగిన శరీరము ఒక్కచోట కూర్చుండి చిన్న యక్షరములను చూడవలెనన్నచో ఎదురుతిరుగును. పుష్యమాసమున కాలువలో స్నానమునకు పోయినవాడు గట్టుమీద నిలిచి ఎంత వణకునో మనమెఱుగుదుము. మునిగిన పిమ్మట ఆ వణకు తగ్గును. విసుగుపనులలో కష్టమంతయు గట్టుమీదనే యున్నది. ఒక పావుగంట గడచినచో లెక్కవ్రాత కలుపుతీతకంటె కష్టమైనది కాదని ఎవరికైనను తెలియగలదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. వేచియుండుట సేద్యమున ఒక విద్య. పదును రానిదే దున్నరాదు. గింజ గట్టిపడనిదే కోయరాదు. ధర పడిపోయినప్పుడు నిలువచేయగలవాడు కొంతకాలము ఆగుటయు తెలివియే. ఇట్లు ఆగుట మనకు అలవాటగుటచేత, వాయిదా వేయు దుర్గుణము వేచియుండు సద్గుణముయొక్క వేషము వేసికొని మన యింటిలో తిరుగుచున్నది. రెంటికిని భేదము తెలిసికొనుటకు నేనొక ప్రశ్న వేసికొందును: దేనికొఱకు ఆగుచున్నాను? వానకొఱకు, పదునుకొఱకు, ధరకొఱకు అని పేరుపెట్టి చెప్పగలిగినచో ఆగుట మంచిదే. “వీలు చూచుకొని”, “పండుగ పోయిన పిమ్మట”, “చూతము” అని జవాబు వచ్చినచో అది వాయిదాయే గాని వేఱుకాదు.

ఈ జాడ్యము మన రైతులకే కలిగినది కాదు. ఆఫ్రికాఖండమునందలి పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న పండించు చిన్నరైతులను గూర్చి ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశోధించి 2011 వ సంవత్సరమున తమ ఫలితములను ప్రకటించిరి. వీరిలో మొదటి యిద్దఱు అభిజిత్ బెనర్జీతో గూడ 2019 లో నోబెల్ బహుమానము పొందినవారు. ఎరువు వేసిన లాభమున్నదని తెలిసియు అచ్చటి రైతులలో పలువురు కొనక మానుచుండిరి. కోతలప్పుడు సొమ్ముండును గాని తొందర కానరాదు. ఎరువు వేయునాటికి తొందరయుండును గాని సొమ్ముండదు. కోతయైన వెంటనే రైతు ఇంటికే పోయి, ఇప్పుడే కొన్నచో ఎరువును ఉచితముగా ఇల్లు చేర్తుమనియు, ఈ సదుపాయము కొద్దిదినములే యుండుననియు చెప్పగా, కొనువారు గణనీయముగా పెరిగిరి. తరువాత పైరుకాలమున సగము ధరకే ఇచ్చినప్పటి ఫలమునకు ఇది తీసిపోలేదట. దీని సారాంశము మనమందఱము గ్రహింపదగినది. ఆ రైతులకు బోధచేసి మార్చలేదు, గడపను తగ్గించిరి, సొమ్మున్న సమయమున పనిని వారి ముంగిటికి తెచ్చిరి.

ఇక విరుగుడు సంగతి. ఒట్లు పెట్టుకొనుటవలన లాభము లేదు. నేను పెట్టుకొన్న ఒట్లు ఎన్నియో చెడినవి. పనిచేసినవి మాత్రమే వ్రాయుచున్నాను.

మొదటిది, విసుగుపనిని అలవాటైన పనికి ముడివేయుట. “రాత్రి లెక్క వ్రాయుదును” అని తలచినచో రాత్రి ఎప్పుడును రాదు. “పాలకేంద్రమున పాలు పోసివచ్చి, కాళ్లు కడుగుకొనినంతనే అరుగుమీద కూర్చుండి లెక్క వ్రాయుదును” అని తలచినచో ఆ పనికి పిలుచువారు దొరికినట్లే. కాళ్లకు పోసికొన్న నీళ్లే పిలుచును. ఫలానిది జరిగినప్పుడు ఫలానిది చేయుదునని ముందుగా నిశ్చయించుకొనువారు, ఊరక చేయుదుననుకొనువారికంటె ఎక్కువగా కార్యము నెఱవేర్తురని జర్మను మనశ్శాస్త్రజ్ఞుడగు పీటర్ గోల్విట్సర్ 1999 లో విపులముగా వ్రాసియున్నాడు. ఆయన యే దేశమువాడైనను ఈ మాట మన యరుగుమీద నిజమైనది.

రెండవది, తోడుపెట్టుట. రాత్రి గిన్నెడు పాలలో చెంచాడు తోడు వేసి మూతపెట్టి పండుకొన్న యిల్లాలికి తెల్లవాఱునప్పటికి పెరుగు సిద్ధము. పనులకును ఇట్లే ముందురోజున చిటికెడు తోడు వేయవలెను. రేపు కార్యాలయమునకు పోవలసినచో నేడే కాగితములు సంచిలోనుంచి, ఆ సంచిని సైకిలుకో, మోటారుబండికో తగిలింపవలెను. మా యింట ఇప్పుడొక నూలుసంచి వాకిటి మేకునకు వ్రేలాడుచున్నది. పాసుపుస్తకపు నకలు, ఆధారు నకలు, బ్యాంకు పుస్తకము, విత్తనముల సంచులమీది చీటీలు, ఎరువుల రశీదులు అన్నియు దానిలోనే. పంట బీమా పథకమునందు వడగండ్లవంటి స్థానిక విపత్తువలన నష్టము కలిగినచో 72 గంటలలోగా తెలియజేయవలెనను నియమము కలదు. చేను నేలపాలై మనసు చెదరియున్న దినమున కాగితములు వెదకుట ఎవరి తరము? ఆనాటి గడప నేడే తగ్గించియుంచవలెను.

మూడవది, పనిని చాళ్లుగా విడదీయుట. ఎకరము దున్నవలెనని తలచినచో బరువు; ఒక చాలు దున్నుదునన్నచో తేలిక. భూసారపరీక్షకు మట్టి తీయుట అందఱును ఏటేట వాయిదా వేయు పని. పైరు కోసిన పిమ్మట, ఎరువు వేయకముందు, వేసవిలో తీయవలెను. ఒకనాడు ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారమున 15 సెంటీమీటర్ల లోతు గుంటలు తీసి, గుంట గోడవెంబడి మట్టి గీకి, గోనెపట్టమీద పోసి నీడన ఆరబెట్టుడు. ఆనాటికి పని సరి. మఱునాడు ఆ మట్టిని కలిపి నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు, అరకిలో మిగుల్చుడు. మూడవనాడు చీటి వ్రాసి సంచిలో వేసి పంపుడు. మొలకపరీక్ష ఇంతకంటె సులభము. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ చూచుచు, వారము పదిదినములకు లెక్కపెట్టుటయే గదా. వరికి నూటికి 80, వేరుసెనగకు 70 తక్కువగాకుండ మొలవవలెనని విత్తన ప్రమాణములు చెప్పుచున్నవి. అరువదియే మొలచినవని ముందుగా తెలిసినవాడు వేఱు విత్తు వెదకుకొనును. చల్లిన పిమ్మట తెలిసినవాడు ఆకాశమువంక చూచును.

నాలుగవది, దాటునప్పటి జాగ్రత్త. పొలమునుండి వచ్చినంతనే పుస్తకము తెఱువబోయినచో మనసు నిలువదు. కొంత విరామము కావలసినదే. ఆ విరామమును నిలుచుండియే తీసికొనవలెను. మొగము కడుగుకొని, లోటాడు మజ్జిగ త్రాగి, నేరుగా పీటమీద కూర్చుండవలెను. నులకమంచముమీద నడుము వాల్చితిమా, సెల్‌ఫోను చేతబట్టితిమా, ఆ రాత్రికి లెక్క లేదు.

ఐదవది, తప్పిన దినముల విషయమున మనలను మనము క్షమించుకొనుట. పదిదినములు లెక్క వ్రాయనివాడు, ఆ పదిదినములవియు జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాయవలెనను భయముచేత పుస్తకమునే విడిచిపెట్టును. తప్పినచోట ఒక గీత గీయుడు, ఈనాటిది వ్రాయుడు. మొక్క చచ్చినచోట నాటు వేసికొందుము గాని మడినంతయు పాడుపెట్టము గదా.

ఇంతవఱకు ఒక్కొక్కరి సంగతి. సంఘముయొక్క సంగతియు చెప్పక విడువరాదు. పూర్వము మన చెఱువులు కాలువలు పూడికతో నిండినప్పుడు, ఎవని యిష్టము వచ్చినప్పుడు వాడు పోయి తీయునని గ్రామస్థులు ఊరకుండలేదు. కుడిమరామత్తు అను ఆచారముచేత ఊరంతయు ఒక దినము నిర్ణయించుకొని పారలతో బయలుదేరుచుండెను. ఈ ఆచారమును నిలుపుటకై చెన్నపట్టణపు ప్రభుత్వము 1858 లో ఒక చట్టమును గూడ చేసినది. బలవంతమును నేను మెచ్చుకొనను. దినము నిర్ణయించుటను మెచ్చుకొనుచున్నాను. పూడిక తీయుటకంటె విసుగైన పని లేదు. పదుగురు కలిసినందువలననే అది సాగెను. నేడు మన యూళ్లలో స్త్రీల పొదుపు సంఘములను చూడుడు. నిర్ణీత దినమున కూడుదురు. కూడినచోటనే పొదుపు కట్టుదురు. కట్టినచోటనే పుస్తకము వ్రాయుదురు. ఈ విషయమున మన యాడబిడ్డలు మనకు గురువులు.

కావున మన సంఘ పాలకవర్గమువారికి మూడు మనవులు చేయుచున్నాను. ఒకటి: గడువు ముగియునప్పుడు తాఖీదు పంపుటకంటె, పంట అమ్ముడైన వారములోనే మనిషిని పంపి, సొమ్ము కట్టించుకొనుటకును ఋణము మరల వ్రాయుటకును కావలసిన కాగితములు ఒకే బైఠకులో తీసికొనుడు. రెండు: నెలకొక దినమున సంఘపు వసారాలో లెక్కలనాడు జరుపుడు. అమావాస్యనాడు అరక కట్టని యాచారము పలుచోట్ల కలదు గనుక ఆ దినమే అనుకూలము. ఎవరి పుస్తకము వారు తెచ్చుకొందురు. చదువుకొన్న పిల్లలు సాయపడుదురు. నాట్లకు ఒకరికొకరు బదులు పోవువారము లెక్కలకేల పోరాదు? మూడు: తాఖీదు భాష మార్చుడు. నాకు వచ్చిన తాఖీదులో “తదుపరి చర్య గైకొనబడును” అని యుండెను గాని, “ఫలాని తేదీలోగా కట్టినచో మీకు 3,600 రూపాయలు మిగులును” అని యుండలేదు. ఆ యొక్కమాట యున్నచో నేను కొలిమియొద్ద ఆగియుండను. సంఘమును తన పనులలో వాయిదా వేయరాదు. రశీదు సొమ్ము పుచ్చుకొన్న క్షణముననే ఇయ్యవలెను. తీర్మానములు సభ ముగియకముందే వ్రాయవలెను. ఆడిటునకు లెక్కలు ఏడాది పొడుగున సిద్ధముగా నుండవలెను. తానే రేపనువాడు ఇతరులను నేడు రమ్మనుట పొసగదు.

ఇచ్చట నొకరు నన్ను అడుగవచ్చును: “చేతిలో సొమ్మున్నవానికి నీ మాటలు చెల్లును, తుపానులో పైరు పోయినవానికి, ధర పడిపోయినవానికి ఏమి చెప్పుదువు?” న్యాయమైన ప్రశ్న. లేనివాడు కట్టకపోవుట వాయిదా కాదు. వానిని ఆ పేరున నిందించుట పాపము. అయినను వానికిని ఒక మాట కలదు. ప్రకృతివైపరీత్యము ప్రకటింపబడినచోట ఋణపు గడువును మార్చుటకు రిజర్వు బ్యాంకు నిబంధనలు కలవు. అందులకు గడువునకు ముందే సంఘమునకు వచ్చి చెప్పుకొనవలెను. అతడు రాడు. విసుగువలన గాదు, సిగ్గువలన రాడు. బాకీ యెంత పెరిగినదో చూడవలసివచ్చునని కాగితము విప్పడు. కార్యదర్శి ఎదురగునని ఆ వీథినే విడుచును. ఈ సిగ్గు తక్కిన కారణములన్నిటికంటె క్రూరమైనది. ఎన్ని సంచులు మేకులకు తగిలించినను ఇది తీరదు. దీనిని తీర్పగలిగినవారు తోడి సభ్యులే. జర్మనీ దేశమున రైఫైజెన్ 1864 లో హెడ్డెస్‌డార్ఫునందు స్థాపించిన సంఘముగాని, మనదేశమున 1904 నాటి చట్టము పిమ్మట ఏర్పడిన గ్రామసంఘములుగాని, ఇరుగుపొరుగువారు ఒకరి కష్టసుఖములు ఒకరెఱుగుదురను నమ్మకముమీదనే నిలిచినవి. పొరుగువాడు రాలేదని తెలిసినప్పుడు, “రావోయి, నేనును అటే పోవుచున్నాను” అని చేయిపట్టుకొని తీసికొనిపోవుటయే సహకారము. మన భాషలో తోడు అను మాట పెరుగుగిన్నెకును స్నేహితునకును ఒకటే యగుట నాకెంతో ముచ్చటగా నుండును.

సోదరులారా, ఈ వ్యాసము చదివి బాగున్నదని తలయూపి పత్రికను చూరులో దోపినచో నా శ్రమ వ్యర్థము. లేచి మీ ఋణపు కాగితము వెదకి, గడువు తేదీ చూచి, గోడమీది పంచాంగమున ఆ తేదీకి పదునైదు దినముల ముందు ఒక గుండ్రన చుట్టుడు. ఇంతే పని. పొరుగింటివారిదియు చూడుమని చెప్పుడు. తక్కిన పనులు దాని వెంట తామే రాగలవు.

ఒక సభ్యుడు